దాచిన రంగు



మీ యింటి అటకమీదనో, పశువుల సావిడి చూరులోనో ఒక పాత రంగుడబ్బా ఉండకపోదు. కొన్నేండ్ల క్రిందట తలుపులకు వేయగా మిగిలినది. "ఎప్పటికైనను పనికి వచ్చునులే" అని దాచినది. నేడు మూత తీసినయెడల అది పనికి వచ్చునా? ఇది చాల చిన్న ప్రశ్న. అయితే దీని వెంట మరియొక ప్రశ్న వచ్చుచున్నది. ఒక మంచి వస్తువును మంచి దినము కొరకు దాచుట ఎంతవరకు జ్ఞానము? ఎప్పటినుండి అది తప్పు? ఈ రెండవ ప్రశ్నకు జవాబును నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. మీరు నాకంటె త్వరగా నేర్చుకొనవలెనని ఈ సంగతి వ్రాయుచున్నాను.

నాకు చిన్ననాటినుండి ఓడల నమూనాలు చేయు అలవాటు కలదు. విశాఖపట్టణములో పెరిగినవానికి ఇది వింత కాదు. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన "జల ఉష" అను ఓడను జవహర్‌లాల్ నెహ్రూగారు ఇచ్చటి ఓడల కర్మాగారములో నీటిలోనికి విడిచిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశములో కట్టబడి నీటిలో దిగిన మొదటి పెద్ద ఓడ అదే. 1969లో నౌకాదళములో చేరి 2001లో పని చాలించిన "కుర్సుర" అను జలాంతర్గామి 2002 నుండి ఈ పట్టణపు సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. ఇట్టివాటిని కన్నులార చూచు పిల్లలు చెక్కతోను, అట్టతోను, ప్లాస్టికు ముక్కలతోను జానెడు ఓడలు చేసికొని మురిసిపోవుదురు. నేనును అట్లే మొదలుపెట్టితిని, పెద్దవాడనైన తరువాతను మానలేదు.

నా తండ్రిగారు ఓడలకు రంగు వేయు పనిలో నుండిరి. "జల ఉషను ఒకటి చేసి నాకియ్యరా అబ్బాయీ" అని ఆయన ఒకనాడు నన్ను అడిగిరి. నేను ఎంతో సంతోషించి, ఆ ఓడకు తగిన రంగు తెప్పించవలెనని తలంచితిని. నమూనాల కొరకు చేయు రంగు చాల చిన్న డబ్బాలలో వచ్చును. ఇంగ్లండులోని హల్ నగరమున 1919లో ఆరంభమైన వ్యాపారమునుండి పుట్టిన హంబ్రోల్ అను ఎనామెలు రంగు డబ్బాలో 14 మిల్లీలీటర్లు మాత్రమే ఉండును. అనగా ఒక పెద్ద చెంచా నిండునంత. దూరదేశమునుండి వచ్చునది గనుక ప్రియమైనది. కూడబెట్టి కూడబెట్టి ఆరు డబ్బాలు సంపాదించితిని. ఓడ అడుగునకు వేయవలసిన ఎరుపు డబ్బాను ఒక్కసారి విప్పి, పుల్లతో కలిపి, గోటిమీద ఒక చుక్క వేసి చూచుకొని, మరల మూసితిని.

అటు తరువాత దానిని వాడుటకు నాకు మనస్సు రాలేదు. "నా చేయి ఇంకను కుదరలేదు. ఇంత మంచి రంగును ఈ చేతితో పాడుచేయరాదు" అనుకొంటిని. చేసిన ఓడలన్నిటికిని బజారులో దొరకు చవుక రంగు వేసితిని. నా తండ్రిగారు మరి రెండుమారులు అడిగిరి. "మంచి రంగు దాచియుంచితిని నాన్నా, తొందరపడి చేయరాదు" అని రెండుమారులును ఒకే జవాబు చెప్పితిని. ఆయన మరల అడుగలేదు. ఏండ్లు గడచినవి. ఆయన లోకము విడిచిన దినమున జల ఉష నా బల్లమీద సగము చెక్కిన కొయ్యగానే యుండెను. రంగు మాత్రము భద్రముగా నున్నది!

చదువరులారా, ఆ డబ్బాలను చూచుట తరువాత నాకు కష్టమాయెను. మా స్వగ్రామపు బడిలో పిల్లలు చెక్కపడవలు చేయుచున్నారని విని, ఆ ఆరు డబ్బాలను, అటకమీదనున్న ఇంటి రంగుల మిగులును, ఒక లక్క సీసాను, పిల్లలు వాడు నీటిరంగు సీసాలను కొన్నిటిని ఒక పెట్టెలో పెట్టి పంపితిని. నా మనస్సు తేలికపడెను. దానము చేసితినని అనుకొంటిని. నిజము చెప్పవలెనన్న, నేను ఇల్లు శుభ్రము చేసికొంటిని.

మూడు వారములైన తరువాత నేను ఆ బడికి వెళ్ళితిని. పిల్లలు పడవలను వరుసగా కిటికీలో పెట్టియుండిరి. ఒక పడవను చేతిలోనికి తీసికొనగా నా వ్రేళ్ళు దానికి అంటుకొనెను. రంగు ఇంకను ఆరలేదు. దానిమీద దుమ్మును, చీమయు, చిన్నచిన్న వ్రేలిముద్రలును అతుకుకొనియుండెను. మరియొక పడవమీద రంగు గడ్డలు గడ్డలుగా నుండెను. నీటిరంగు సీసాలు తెరచినప్పుడు కుళ్ళు వాసన కొట్టగా పిల్లలు వాటిని దూరముగా పారవేసిరట. ఒక చిన్నది నా దగ్గరకు వచ్చి, "మేము సరిగ్గా వెయ్యలేదా అండీ?" అని అడిగెను. తప్పు తనదే అనుకొనుచున్నది. ఆ మాట నన్ను ఈనాటివరకు విడువలేదు.

నేను రెండు పడవలను, మిగిలిన డబ్బాలను సంచిలో వేసికొని ఆటోనగర్‌కు పోతిని. గాజువాక దగ్గరనున్న ఈ ఆటోనగర్‌ను మీలో కొందరు ఎరుగుదురు. లారీల మరమ్మతులు, టింకరింగు, పెయింటింగు చేయు షెడ్లు వరుసగా నుండును. సుత్తి మ్రోతయు, థిన్నరు వాసనయు ఎడతెగక యుండును. ఒక ముసలి పెయింటరు మేస్త్రీ అప్పుడే ఒక లారీ తలుపుకు రంగు కొట్టి, ముఖమునకు కట్టుకొన్న గుడ్డ విప్పుచుండెను. నేను సంచి విప్పి సంగతి చెప్పితిని. ఆయన నవ్వలేదు. డబ్బాలను ఒక్కొక్కటిగా తెరచి, పుల్లతో కదిపి, వాసన చూచి, నేలమీద మూడు వరుసలుగా పేర్చెను. ఆయన చెప్పినదానిని, తరువాత నేను చదివి తెలిసికొన్నదానిని కలిపి మీకు చెప్పుచున్నాను.

ఏ రంగునందైనను ముఖ్యముగా మూడు వస్తువులు గలవు. మొదటిది రంగుపొడి. ఇనుప తుప్పువంటి ఖనిజపు పొడులు ఎన్నేండ్లైనను సాధారణముగా చెడవు. అడుగునకు దిగి పేరుకొనును, అంతే. రెండవది ఆ పొడిని పట్టి నిలుపు బంక. మూడవది ఆ బంకను పలుచగానుంచు ద్రవము, అనగా థిన్నరో నీరో. రంగు చెడినదనగా చాలమట్టుకు బంక చెడినదని అర్థము. ఆ బంక చెడు విధములు వేరువేరు.

మొదటి వరుసలో మేస్త్రీ లాకరు రంగును పెట్టెను. అది చిక్కబడి బెల్లపు పాకమువలె నుండెను. "బాబూ, ఇందులోంచి థిన్నరు ఎగిరిపోయింది, అంతే. పోయింది తిరిగి పోస్తే మళ్ళీ లేస్తుంది" అని, దానికి తగిన థిన్నరు కొంచెము కొంచెముగా పోసి కలిపెను. పావుగంటలో అది పాలవలె జారెను.

రెండవ వరుసలో నా ఎరుపు డబ్బా నుండెను. అది నూనెజాతి ఎనామెలు. ఇట్టి రంగు థిన్నరు ఎగిరిపోవుటచేత మాత్రమే ఆరదు. గాలిలోని ప్రాణవాయువు బంకలోనికి చేరి, దాని అణువులను ఒకదానితో ఒకటి ముడివేయును. తలుపుమీద ఇది జరిగినయెడల మనకు మేలు. డబ్బాలోనే జరిగినయెడల పైన మీగడ కట్టును, తరువాత అంతయు గట్టిపడును. ఆ ముడిని మరల విప్పు థిన్నరు లేదు. మేస్త్రీ పుల్లతో ఆ ఎరుపును పొడిచి, "ఇది ఎండిపోలేదు బాబూ, పండిపోయింది. ఇంక దీన్ని ఏం చేసినా రంగు కాదు" అనెను. నేను గోటిమీద ఒక చుక్క వేసికొని మూసిన ఆ దినముననే దానికి గాలి తగిలినది. అంచుమీద అంటిన రంగును నేను తుడవలేదు గనుక మూత సరిగా పడలేదు. చిన్న డబ్బాలో రంగు కొంచెము, గాలికి త్రోవ ఎక్కువ.

ఇక ఆరని పడవ సంగతి. ఎనామెలు త్వరగా ఆరుటకు డ్రయ్యరు అను మందు కలుపుదురు. ఏండ్లు గడచిన కొలది ఆ మందు రంగుపొడికి పట్టుకొని తన శక్తిని కోల్పోవును. అప్పుడు డబ్బాలో రంగు చూచుటకు చక్కగానే యుండును, గాని వేసిన తరువాత వారములు గడచినను జిగురు పోదు. గడ్డలు కట్టిన పడవ సంగతి వేరు. పైన కట్టిన మీగడను తీసివేసి, అడుగునున్న రంగును పలుచని గుడ్డతో వడకట్టి వాడవలసినది. పిల్లలు తెలియక మీగడను లోపలికి కలిపివేసిరి. నేను వారికి చెప్పియుండవలసినది.

నీటితో కలుపు ఆక్రిలిక్ రంగులు మూడవ వరుస. సీసాలో నీరు తగ్గినప్పుడు, బంక ఇంకను ముద్దకాకమునుపే కొంచెము నీరు పోసి నిలుపవచ్చును. ఒకసారి ముద్దగా ఆరినది మరల నీటిలో కరగదు. సూక్ష్మజీవులు చేరకుండ వాటిలో మందు కలుపుదురు. ఆ మందు శక్తి తీరినప్పుడు కుళ్ళును, బూజును పట్టును. అట్టిదానికి పారవేయుట తప్ప మార్గము లేదు. మన సముద్రతీరపు ఉక్కయు, రేకులక్రింది అటకమీది వేడియు ఈ చెడుగులన్నిటిని తొందరపెట్టును. వేడి పది డిగ్రీలు పెరిగినయెడల ఇట్టి మార్పుల వేగము సుమారు రెండింతలగునని రసాయనశాస్త్రములోని స్థూలమైన లెక్క.

నా లక్క సీసాను చూచి మేస్త్రీ తల ఊపెను. లక్క పొరలు పొడిగానుండి చల్లని చోటనున్నయెడల చాల కాలము నిలుచును. స్పిరిటులో కరగించినయెడల ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరమువరకు మాత్రమే దానిమీద నమ్మకము. తరువాత అదియు ఆరక జిగురుగా మిగులును. పొడిగా దాచి, కావలసినంత కరగించుకొనుట తెలివి. నేను సీసా నిండ కరగించి దాచితిని.

చివరకు ఇంటి రంగుల మిగులులో ఒక పసుపు డబ్బా మిగిలెను. అది గట్టిపడలేదు, వాసన లేదు, చక్కగా కలిసెను. "ఇదైనా మంచిదే గదా" అంటిని. మేస్త్రీ, "ఇది ఎప్పుడు కొన్నారు బాబూ?" అని అడిగెను. నేను గురుతు తెచ్చుకొని, 2010కి ముందేనని చెప్పితిని. ఆయన ఆ డబ్బాను నా చేతినుండి తీసికొని అవతల పెట్టెను. "పిల్లల బొమ్మలకి ఇది వద్దు" అనెను.

సీసము కలిసిన రంగులు, విశేషముగా కొన్ని పసుపులును ఎరుపులును, మన దేశములో చాలకాలము అమ్మబడినవి. భారత ప్రభుత్వము 2016లో నియమములు చేయగా, 2017 నవంబరు 1వ తేదీ మొదలు ఇంటి రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని నిర్ణయమాయెను. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. ఇంతవరకు తీసికొన్న ఫరవాలేదని చెప్పదగిన మోతాదు ఏదియు తెలియదు. పిల్లలు బొమ్మను నోట పెట్టుకొనకుందురా? ఒక డబ్బాలో సీసమున్నదో లేదో కంటితో చూచి చెప్పలేము, పరీక్ష చేయవలెను. పరీక్ష చేయలేనియెడల పాత రంగును పిల్లలకు ఇయ్యకుండుటయే ధర్మము. చూడుడు, నా పెట్టెలో చెడినవి అన్నియు తాము చెడినట్లు చెప్పుకొనినవి. మంచిదానివలె కనబడిన ఆ ఒక్కటియే అన్నిటికంటె భయపడదగినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. దాచుట తప్పా? కాదు. దాచనివాడు రైతు కాలేడు. విత్తనము దాచనియెడల వచ్చు ఏడు పంట లేదు. ఆవకాయ దాచనియెడల వానకాలములో ముద్దకు తోడు లేదు. అయితే మన తల్లులు ఆవకాయను ఎట్లు దాచెదరో చూడుడు. గాలి తగులకుండ పైన నూనె తేలనిత్తురు, తడి గరిటె ముట్టనియ్యరు, ఎప్పుడు పెట్టినదో మరువరు, అన్నిటికంటె ముఖ్యముగా దానిని తినుటకే దాచెదరు. రైతు విత్తనమును పొలములో చల్లకముందు కొన్ని గింజలను తడిగుడ్డలో మూటకట్టి మొలక చూచును. పోయిన యేడు మంచిదైనంతమాత్రమున ఈ యేడు మంచిదని నమ్మడు. ఇది నిజమైన దాచుట. వాడుక దినమును కన్నులయెదుట పెట్టుకొని దాచుట.

నేను దాచినది ఆ విధముగా కాదు. నా దాచుటలో వాడుక దినము లేదు. "మంచి దినము" అని ఒకటి నేను కల్పించుకొంటిని, అది ఏ పంచాంగములోను లేదు. నేను రంగును ప్రేమించితినని అనుకొంటిని. నిజమునకు నా చేతి తప్పు బయటపడునని భయపడితిని. పాడగునేమో అని వాడకుంటిని, వాడకుండుటచేతనే అది పాడైనది. నా తండ్రిగారికి కావలసినది గొప్ప ఓడ కాదు. కుమారుడు చేసిన ఓడ. వంకరగా వేసినను ఆయన దానిని గూటిలో పెట్టుకొని వచ్చిన వారందరికి చూపియుందురు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మనవారు ఊరక అనలేదు.

"అట్లయినచో ఉన్నదంతయు నేడే ఖర్చు చేయుమా?" అని మీలో ఒకరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు ఆటోనగర్‌లోనే జవాబు కలదు. లారీలకు వేయు కొన్ని రంగులలో హార్డ్‌నరు అను రెండవ మందును కలుపుదురు. వేరువేరు డబ్బాలలో మూతపెట్టియుండగా రెండును నెలలకొలది నిలుచును. కలిపిన తరువాత కొన్ని గంటలే. అందుచేత మేస్త్రీ ఒక తలుపుకు కావలసినంతయే కలుపును. కలిపినదంతయు ఆనాడే వేయును. విప్పకముందు ఓర్పు, విప్పిన తరువాత ఆలస్యము లేకుండుట. మూత విప్పని ఎనామెలు డబ్బా పదేండ్లు దాటినను బాగుండుట కలదు. విప్పి సరిగా మూయనిది ఒక్క వేసవిలో చెడుటయు కలదు. మనము ఇచ్చిన మాటయు అంతే. ఇయ్యకముందు ఎంతైనను ఆలోచింపవచ్చును. "చేసి యిచ్చెదను" అని ఒకరితో చెప్పితిమా, మూత విప్పితిమి. అక్కడినుండి గాలి తగులుచునే యుండును.

మరియొక మాట దానమును గూర్చి. కోతపండుగనాడు ఎవరైనను పుచ్చిన గుమ్మడికాయ తెచ్చినయెడల మనము ముఖముఖములు చూచుకొందుము. కాని చిరిగిన బట్టలను, విరిగిన బొమ్మలను, వాడదాటిన మందులను, పాత రంగులను పేదపిల్లలకు పంపి మేలుచేసితిమని అనుకొందుము. ఇచ్చుటకు ముందు మనలను మనము ఒక్క ప్రశ్న అడుగవలెను: ఇది నా బిడ్డ చేతిలో పెట్టుదునా? పెట్టనియెడల, అది దానము కాదు. మన చెత్తను మరియొకరి గుమ్మములో పోయుట. తీసికొనినవారు నోరు తెరచి చెప్పలేరు. ఆ చిన్నదానివలె తప్పు తమదే అనుకొందురు. చెడిన దానము చేయు కీడులలో ఇది చాల పెద్దది.

కాబట్టి ఇంటిలో రంగు దాచువారికి మేస్త్రీ చెప్పిన పద్ధతులు వ్రాయుచున్నాను. మొదట, కొన్న దినమును, విప్పిన దినమును డబ్బామీద వ్రాయుడి. రెండవది, మూయకముందు అంచును గుడ్డతో శుభ్రముగా తుడువుడి. మూడవది, మిగిలినది కొంచెమైనయెడల చిన్న సీసాలోనికి మార్చుడి. లేదా శుభ్రమైన గాజు గోళీలు వేసి రంగును పైకి తేలనియ్యుడి, లోపల గాలి తగ్గును. నాలుగవది, ఎండ తగులని చల్లనిచోట, పొయ్యికిని పిల్లలకును దూరముగా నుంచుడి. అయిదవది, వాడకముందు అడుగువరకు కలిపి, పనికిమాలిన చెక్కమీద వేసి, ఆరువరకు ఆగి చూడుడి. చెడినదానిని చెరువులోను, కాలువలోను పోయకుడి; ఇసుకలోనో రంపపు పొట్టులోనో ఇంకించి చెత్త తీసికొనిపోవువారికి వేరుగా ఇయ్యుడి. సీసమున్నదేమోయని అనుమానమున్న పాత రంగును గీకకుడి, కాల్చకుడి. దాని దుమ్మును పొగయు మరింత హాని.

నేను మేస్త్రీని, "ఇప్పుడు ఈ పిల్లల పడవలకు ఏమి వేయమందురు?" అని అడిగితిని. "ఏటికొప్పాక వెళ్ళి చూడండి బాబూ" అనెను. వెళ్ళితిని. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనున్న ఆ గ్రామము వరాహనది ఒడ్డున కలదు. అచ్చటివారు అంకుడు కర్రను తరిమెనమీద త్రిప్పుచు, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించెదరు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకులనుండి తీసిన రంగులను ఈ పనిలో మరల నిలిపినవారిలో ముఖ్యులైన ఆ యూరి సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చల్లారిన లక్క కడ్డీ గట్టిగానుండి, వేడి తగిలినప్పుడు మరల మెత్తబడును. అయినను ఎక్కువసేపు కాచినయెడల అదియు కరుగు గుణమును పోగొట్టుకొనునట. ఓర్పుగల లక్కకును ఒక హద్దు కలదు.

నేను ఏటికొప్పాకనుండి పిల్లలకు కొన్ని బొమ్మలు కొనిపోయితిని. పిల్లల బొమ్మలకు తగినదని డబ్బామీద వ్రాసియున్న కొత్త రంగులు కొంటిని. ఆ పడవలన్నిటిని వెనుకకు తీసికొని, కొత్త చెక్క ఇచ్చి, పిల్లలతో కూర్చుండి మొదటినుండి చేసితిమి. ఆ చిన్నదానితో, "తప్పు నీది కాదమ్మా, నాది. నేను పాడైన రంగు పంపాను" అని చెప్పితిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "మరి ఇది పాడవకముందే వేసేద్దామండీ" అనెను.

ఆ సాయంకాలము పడవలు అయిన తరువాత మిగిలిన రంగుతో, నేను సంచిలో తెచ్చుకొన్న జల ఉషకు వేసితిని. ఆ వారములోనే దానిని చెక్కి ముగించియుంటిని. అడుగు ఎరుపు కొంచెము చారలు పడినది. నా చేయి ఇప్పటికిని కుదరలేదు. అది ఇప్పుడు ఆ బడి కిటికీలో పిల్లల పడవల ప్రక్కన నున్నది. చూడవలసినవారు చూడలేదు, ఆ లోటు తీరునది కాదు, తీరినదని నేను చెప్పను.

చదువరులారా, ఈ పత్రిక క్రింద పెట్టి ఒకసారి మీ అటకమీదికి చూడుడి. అక్కడనున్న డబ్బాలను మాత్రమే కాదు. ఎవరికో చేసి యిచ్చెదనన్న పని, ఎవరితోనో చెప్పవలెననుకొన్న మంచి మాట, ఎవరిదగ్గరకో పోయి అడుగవలసిన క్షమాపణ, వీటిలో దేని మూత ఎన్నడో విప్పి మరచితిరో జ్ఞాపకము చేసికొనుడి. పుల్ల పెట్టి కదపుడి. ఇంకను కదలినయెడల, నేడే వేయుడి.